తుఫాను తేదీ, కోత తేదీ

1864 నవంబరు 1 రాత్రి బందరును (మచిలీపట్నాన్ని) ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1949లో అక్టోబరు ఆఖరు వారంలో మళ్లీ బందరు తీరమే దెబ్బతింది. 1969 నవంబరు 7న కాకినాడ వైపు. 1977 నవంబరు 19న దివిసీమ, పదివేల మందికి పైగా ప్రాణాలు. 1996 నవంబరు 6న కోనసీమ, వెయ్యి మందికి పైగా. ఆ తరవాత 2013 నవంబరు 22న హెలెన్ తుఫాను, 2023 డిసెంబరు 5న మిచౌంగ్. ఈ తేదీలను చరిత్రకారులు మృతుల సంఖ్య కోసం గుర్తుపెట్టుకుంటారు. కృష్ణా, గోదావరి డెల్టాల రైతు ఇవే తేదీలను ఇంకోలా చదువుతాడు. అవన్నీ సార్వా (ఖరీఫ్) వరి ఈనిక ముగించుకుని, గింజ గట్టిపడి, కొడవలి కోసం ఎదురుచూసే రోజులు. నోటికాడి కూడు నీటిపాలైందని పత్రికలు ఏటా రాసే మాట అక్షరాలా నిజమే. అయితే తుఫాను బంగాళాఖాతంలో పుట్టినా, అది వచ్చే రోజుకు పొలంలో ఏ దశలో పైరు ఉండాలో బంగాళాఖాతం నిర్ణయించలేదు. ఆ నిర్ణయం ఆనకట్టతో మొదలై, వంగడాలతో బిగుసుకుని, ఎగువ జలాశయాలతో మరింత వెనక్కి జరిగిన 170 ఏళ్ల చరిత్ర. పంట నష్టాన్ని ప్రకృతి వైపరీత్యం పద్దులో రాసి ఊరుకోవడం వల్ల ఆ చరిత్ర మన కళ్లకు కనపడకుండా పోయింది.

శరత్కాలపు వానను తెలుగు రైతు మొదటినుంచీ శత్రువుగా చూడలేదు. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న సామెత వర్షాధారపు మెట్టల్లో పుట్టింది: సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తర కార్తెకూ చినుకు పడకపోతే ఇక ఊరు విడిచి బతకపోవాల్సిందే అని దాని భావం. హస్త, చిత్త కార్తెల్లో చెరువులు చివరి విడత నిండితేనే తెలంగాణ గొలుసుకట్టు చెరువుల కింద యాసంగికి భరోసా. కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో అక్టోబరు వానల తేమ మీదే శనగ విత్తుతారు. మాఘి జొన్న కూడా ఆ తేమను నమ్ముకున్న పైరే. ఇక నెల్లూరు సంగతి మరీ స్పష్టం. ఆ జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల వల్లే దక్కుతుంది. అందుకే అక్కడి పాత పేరున్న వడ్లు మొలగొలుకులను శరత్తులో పోసి, చలికాలం దాటాక కోసుకునేవారు. వాయుగుండం వస్తే నెల్లూరు చెరువుకు నీరు, నారుమడికి ఊపిరి. అదే వాయుగుండం 200 కిలోమీటర్లు ఉత్తరాన తీరం దాటితే తెనాలి, అమలాపురం చేలు నేలకొరుగుతాయి. వాన ఒకటే, సముద్రం ఒకటే. తేడా అంతా ఆ రోజున పైరు వయసులో ఉంది. పత్తి వ్యాపించాక తెలంగాణలోనూ ఇదే జరిగింది. కాయ పగిలి దూది బయటపడే అక్టోబరులో పడే వాన, ఒకప్పుడు చెరువుకు అందం తెచ్చిన వాన, ఇప్పుడు దూదిని నల్లబరిచే వాన అయింది.

డెల్టా కథ కరువుతో మొదలవుతుంది. 1832-33 నాటి నందన కరువును గుంటూరు ప్రాంతం డొక్కల కరువని పిలిచింది. జిల్లా జనాభాలో పెద్ద భాగం ఆ ఒక్క ఏడాదిలో తుడిచిపెట్టుకుపోయింది. పక్కనే కృష్ణా, గోదావరులు వరద నీటిని సముద్రంలో పోస్తుంటే మనుషులు ఆకలితో చావడమేమిటన్న ప్రశ్నకు ఆర్థర్ కాటన్ ఇచ్చిన జవాబు ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయింది. అంతకుముందు ఆ నేలల్లో వాన పడితే వరి, లేకుంటే జొన్న, నువ్వు, అపరాలు. ఎత్తుపల్లాలను బట్టి, చెరువును బట్టి ఊరికో పంట, పొలానికో తేదీ. ఒక విపత్తు వస్తే కొన్ని పోయేవి, కొన్ని మిగిలేవి. కాలువ వచ్చాక ఆ చెదురుమదురు సేద్యం పోయింది. జూన్‌లో తొలి వరద రాగానే లాకులెత్తితే లక్షల ఎకరాల్లో ఒకేసారి దమ్ము, ఒకేసారి ఊడ్పులు. నేడు గోదావరి డెల్టా ఆయకట్టు పది లక్షల ఎకరాల పైమాట, కృష్ణా డెల్టాది పదమూడు లక్షల పైమాట. ఇంత విస్తీర్ణంలో ఒకే పైరు, దాదాపు ఒకే వారంలో పండటం తెలుగు నేల మీద అంతకుముందు ఎన్నడూ లేని సంగతి. తుఫానులు ఆనకట్ట కంటే పాతవే. కోరింగి రేవు 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెనకు బలైంది. కానీ ఆ ఉప్పెనలు రేవును, ఓడలను, మనుషులను మింగాయి. లోతట్టు మండలాల పంటంతటినీ ఒక్క రాత్రిలో పడగొట్టే శక్తి తుఫానుకు కాలువే ఇచ్చింది.

ఈ మాట కాటన్‌ను తప్పుపట్టడానికి కాదు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊరు వెతుక్కోవాల్సిందే, ఆ గౌరవం న్యాయమైనదే. 1876-78లో దక్షిణ భారతమంతా కరువుతో అల్లాడినప్పుడు డెల్టాలు నిలిచి ఇతరులకు ధాన్యం పంపాయి. కాకపోతే ఈ లావాదేవీలో చెల్లించిన ధర కూడా లెక్కలోకి రావాలి. డెల్టా రైతు వాన రాని భయాన్ని వదిలించుకుని, ఎక్కువైన వాన భయాన్ని తెచ్చుకున్నాడు. మొదటిది ఏడాదంతా వెంటాడేది. రెండోది స్వాతి, విశాఖ కార్తెల మధ్య మూడు నాలుగు వారాల్లో కుదించుకుపోయింది. కుదించుకుపోయిన ప్రమాదాన్ని తేదీ మార్చి తప్పించుకోవచ్చన్న ఆలోచన ఎందుకు ఇంత ఆలస్యంగా వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

దానికి సగం జవాబు వరి మొక్కలోనే ఉండేది. అక్కుళ్లు, కృష్ణకాటుకలు వంటి పాత సార్వా రకాలు పగటి పొడవును బట్టి నడిచేవి. జూన్‌లో నారు పోసినా, జూలైలో పోసినా, పగలు తగ్గడం మొదలయ్యాకే అవి పొట్టకొచ్చి అక్టోబరులో ఈనేవి; కోత నవంబరు, డిసెంబరుల్లోనే. అంటే తొలి వంద ఏళ్ల పాటు రైతు చేతిలో నిజంగానే పెద్దగా ఏమీ లేదు. 1925లో మొదలైన మారుటేరు పరిశోధనా కేంద్రం, తరవాత బాపట్ల, ఈ ముడిని విప్పాయి. 1982లో మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029), 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) పగటి పొడవుకు పాత రకాలంతగా కట్టుబడినవి కావు. అయినా రెండూ ఇంచుమించు 150 రోజుల పంటలే. దిగుబడికి స్వర్ణ, రుచికి సాంబ మసూరి ఎంత పేరు తెచ్చుకున్నాయంటే డెల్టాలు వాటికే అంకితమైపోయాయి. మొక్క వేసిన ముడి విడిపోయినా, కోత తేదీ మాత్రం పాత రకాలున్న చోటే ఉండిపోయింది. సాంబ మసూరికి ఇంకో బలహీనత కూడా ఉంది: కాడ మెత్తన, గాలికి త్వరగా పడిపోతుంది. మన అన్నం పళ్లెంలో సన్న బియ్యం మీది మోజుకు నవంబరు చేలలో ధర కడుతున్న సంగతి పట్టణాల్లో తెలియదు.

కోతకొచ్చిన వరికి వాన ఏం చేస్తుందో వివరంగా చూడాలి, ఎందుకంటే నష్టం ఒక్క రకంగా ఉండదు, కాలంతో పాటు దాని తీరు కూడా మారింది. కొయ్యని చేను గాలికి పడిపోతే కంకులు నీళ్లలో నానుతాయి, రెండు మూడు రోజుల్లో గింజ కంకి మీదే మొలకెత్తుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయమని వ్యవసాయ శాఖ చెప్పేది ఆ మొలకను ఆపడానికే. పూర్వం కోసిన పైరును పనలుగా పరిచి మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, కట్టలు కట్టి కుప్ప వేసేవారు. అసలు ప్రమాదమంతా పనల మీద ఉన్న ఆ మూడు నాలుగు రోజులదే. కుప్ప పడిందంటే రైతు గండం గట్టెక్కినట్టే. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి పేర్చి, పైన గడ్డి కప్పి వేసిన కుప్ప మీద వాన జారిపోతుంది. నూర్పిడి తీరిగ్గా సంక్రాంతి అటూఇటూ. మన పండుగ, ధాన్యం ఇంటికొచ్చే కాలం ఒకటి కావడం వెనక ఈ కుప్పల లెక్క ఉంది. కూలీలు దొరకక, దొరికినా కూలి గిట్టక కోత యంత్రాలు వచ్చాక కుప్ప మాయమైంది. యంత్రం కోసి నూర్చి పోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. దాన్ని ఆరబెట్టడానికి కళ్లాలు లేవు, రోడ్లే కళ్లాలు. మీద కప్పడానికి బరకాలు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, రంగు మారిన, మొలకెత్తిన గింజలు 5 శాతానికి మించకూడదు. తుఫాను వచ్చిన ప్రతిసారీ ఆ నిబంధన సడలించమని కేంద్రానికి ఉత్తరం వెళ్తుంది; అది తేలేలోపు మిల్లరు చెప్పిందే ధర. కుప్ప కాలంలో వాన పడితే గింజ పోయేది. రోడ్డు కాలంలో గింజ ఉండి కూడా విలువ పోతోంది. ఇందులో మొదటి నష్టాన్నే ప్రభుత్వ లెక్కలు ఇంకా బాగా చూడగలుగుతున్నాయి.

పశువుల లెక్క ఇంకా అధ్వాన్నం, ఎందుకంటే అది పంట నష్టం కాగితాల్లోకి రానే రాదు. కాలువలు వచ్చాక డెల్టాలో బీడు భూములు దాదాపు అంతరించాయి. బీడంతా మాగాణి అయింది. గొడ్డుకు ఏడాది పొడుగునా ఆధారం సార్వా గడ్డివామే. నవంబరు వానకు పనల మీద నానిన గడ్డి నల్లబడి బూజు పడుతుంది, గేదె మూతి పెట్టదు. పాడి తగ్గేది తుఫాను నాడు కాదు, ఆరు నెలల తరవాత ఎండాకాలంలో, వాము అయిపోయినప్పుడు. అప్పుడు ఆ నష్టాన్ని నవంబరుతో కలిపి చూసే అధికారి ఉండడు. చేయి కోత పోయి యంత్రం వచ్చాక గడ్డి తుక్కుగా చేలో చెదిరిపోవడంతో ఈ కొరత ఇంకా పెరిగింది. దీనికి తోడు వరి వెనక పైరు ఒకటుంది. కృష్ణా డెల్టాలో కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న వరిలోనే మినుము, పెసర చల్లుతారు. పశువుల మేతకు జనుము, పిల్లిపెసర కూడా అలాగే చల్లేవారు. దుక్కి లేదు, నీరు లేదు, మిగిలిన తేమే పెట్టుబడి. భూసారానికీ, పాడికీ, ఇంటి పప్పుకూ అది ఒక్క ఖర్చుతో మూడు లాభాలిచ్చే ఏర్పాటు. వరి పడిపోయి కోత ఆలస్యమైతే ఆ గొలుసు తెగుతుంది. చల్లిన విత్తనం నీళ్లలో కుళ్లుతుంది, మళ్లీ చల్లితే ఆలస్యమై చివర్లో ఎండ తగులుతుంది. ఒక తుఫానుకు రెండు పంటలు, ఒక మేత.

నీరు పొలంలోకి రావడమే కాదు, పోవడం కూడా చరిత్రే. డెల్టా వాలు చాలా తక్కువ. సాగు కాలువలు తవ్వినంత శ్రద్ధగా మురుగు కాలువలు ఎన్నడూ తవ్వలేదు; పైగా సాగు కాలువల గట్లే చాలాచోట్ల సహజమైన నీటిదారులకు అడ్డం పడ్డాయి. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో పోస్తే, కొల్లేటి నీరు సముద్రానికి చేరడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. 1960ల్లో మిత్రా నిపుణుల కమిటీ డెల్టా మురుగు సమస్యను పరిశీలించింది. దాని తరవాత డెల్టా రైతుల మీద మురుగు పారుదల సెస్సు కూడా పడింది. సెస్సు కట్టించుకున్న చేతులు పూడిక తీయడంలో అంత చురుగ్గా లేవని ప్రతి నవంబరూ చెబుతూనే ఉంది. వాన వెలిసిన రెండు రోజుల్లో నీరు దిగిపోతే పడిన చేనులో చాలావరకు దక్కుతుంది. ఆరేడు రోజులు నిలిస్తే ఏమీ దక్కదు. ఈ తేడా తుఫాను బలం వల్ల కాదు, మే నెలలో గుర్రపుడెక్క తీశారా లేదా అన్నదాని వల్ల వస్తుంది.

డెల్టా కోతను శరత్తులోకి ఇంకా లోతుగా నెట్టిన శక్తి మరొకటి ఎగువన ఉంది. ఆనకట్ట రోజుల్లో జూన్ తొలి వరదే డెల్టా హక్కు. 1967లో నాగార్జునసాగర్, ఆ పైన శ్రీశైలం, ఆలమట్టి ముందు నిండి తరవాతే నీరు దిగడం మొదలయ్యాక, కృష్ణా డెల్టా రైతు జూన్ ఆకాశాన్ని కాక జలాశయాల మట్టాలను చూడటం నేర్చుకున్నాడు. చెడ్డ ఏళ్లలో కాలువకు నీరు ఆగస్టుకు గాని రాలేదు. ఆగస్టులో ఊడ్చిన 150 రోజుల పైరు డిసెంబరుకు గాని కోతకు రాదు, అంటే స్వాతి నుంచి జ్యేష్ఠ కార్తె దాకా ప్రతి వాయుగుండానికీ ఎదురొడ్డి నిలవాలి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చుతో పాటు ముంపు కూడా వారి ఫిర్యాదుల్లో ఉంది. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల గోదావరి నీటిని ముందుగా కృష్ణా డెల్టాకు ఇవ్వగలిగింది. 2022లో ప్రభుత్వం గోదావరి డెల్టాకు జూన్ 1న, కృష్ణా డెల్టాకు జూన్ 10న నీరు వదులుతూ, నవంబరు తుఫానులకు ముందే కోతలు పూర్తి కావాలన్నదే ఉద్దేశమని బాహాటంగా చెప్పింది. ఆనకట్ట కట్టిన 170 ఏళ్లకు కాలువ తేదీని తుఫాను తేదీతో ముడిపెట్టి మాట్లాడటం అలా వచ్చింది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ముందు నాటితే ముందు కోయాలి. అక్టోబరు మాత్రం సురక్షితమా? 2014లో హుద్‌హుద్, 2013లో ఫైలిన్ అక్టోబరు 12నే తీరం దాటాయి, 2018లో తిత్లీ అక్టోబరు 11న. 120 రోజుల కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) వంటి రకం జూన్ మొదట్లో పోస్తే అక్టోబరు మొదటి వారానికే కోతకు వస్తుంది, అప్పటికి నైరుతి రుతుపవనాలు ఇంకా వెనుదిరగవు. నిజమే, వానపడని తేదీ అంటూ మన తీరానికి లేదు. కానీ ఈ అభ్యంతరం రుజువు చేసేది తేదీ మార్చడం వ్యర్థమని కాదు, పది లక్షల ఎకరాలకు ఒకే తేదీ ఉండటం ప్రమాదమని. పల్లపు ఆయకట్టు ముందు, మెరక ఆయకట్టు తరవాత, కొంత స్వల్పకాలికం, కొంత దీర్ఘకాలికం అని విడదీస్తే ఏ తుఫానైనా కొంత తీసుకుని కొంత వదులుతుంది. కాలువ రాకముందు ఎత్తుపల్లాలు చేసిన పని అదే. రెండో అభ్యంతరం శాస్త్రం మీద నమ్మకం నుంచి వస్తుంది: స్వర్ణ సబ్-1 వంటి ముంపు తట్టుకునే రకాలు వచ్చాయి కదా అని. ఆ జన్యువు పైరు పిలకల దశలో రెండు వారాల దాకా మునిగినా బతికిస్తుంది. పండి పడిపోయిన కంకికి అది చేసేదేమీ లేదు. జూలై వరదకు మందు అది, నవంబరు గాలికి కాదు. హెచ్చరికల వ్యవస్థ సంగతీ అంతే. 1977లో వేలల్లో పోయిన ప్రాణాలు ఈ రోజు అంతటి తుఫానుకు పదుల్లోకి తగ్గాయి. మచిలీపట్నం, విశాఖ రాడార్లకు, ఆశ్రయ కేంద్రాలకు ఆ ఘనత చెందుతుంది. మనుషులను రెండు రోజుల ముందు తరలించవచ్చు. చేనుకు మాత్రం నాలుగు నెలల ముందు, నారు పోసేటప్పుడే హెచ్చరిక అందాలి.

మరి రైతులే ఎందుకు మారరని అడిగేవారికి కౌలు గుర్తు చేయాలి. డెల్టాలో సాగు చేసేవారిలో ఎక్కువమంది కౌలుదారులు. కౌలు బస్తాల్లో, అదీ సార్వా నుంచే. ఎక్కువ దిగుబడి ఇచ్చే స్వర్ణను వదిలి, ఎకరాకు కొన్ని బస్తాలు తక్కువ వచ్చినా ముందు కోతకొచ్చే రకం వేయడం భూయజమానికి వివేకం, కౌలుదారుకు అప్పు. తుఫాను వస్తే పరిహారం పట్టా ఉన్నవారి ఖాతాకు పోతుంది. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం కౌలుదారుకు గుర్తింపు ఇవ్వాలని చూసినా, 2019 చట్టం కింద కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి కోత తేదీ రైతు ఇష్టంగా కనపడే విషయమే గాని, దాన్ని నిర్ణయించేది కాలువ, కౌలు, కొనుగోలు కేంద్రం, ఈ మూడే. ఈ మూడింటినీ కదపగలిగేది ప్రభుత్వం.

అందువల్ల అడగాల్సింది పరిహారం ఒక్కటే కాదు. కాలువ వదిలే తేదీ ఏటా మే మొదటి వారానికే ఆయకట్టుదారులకు తెలియాలి, నవంబరు నుంచి వెనక్కి లెక్కపెట్టి ఖరారు కావాలి. మురుగు కాలువల పూడిక అంతకంటే ముందే తీయాలి. ధాన్యం ఆరబెట్టే యంత్రాలు మిల్లుకే కాదు, కొనుగోలు కేంద్రానికీ రావాలి. పశుగ్రాసం నష్టం పంట నష్టం పత్రంలో ఒక గడిగా చేరాలి. 2022 జూన్ 1 నాటి నిర్ణయం నీరు సమృద్ధిగా ఉన్న ఏళ్ల ముచ్చటగా మిగిలిపోతే, నవంబరు నష్టాన్ని ప్రకృతి ఖాతాలో రాసే హక్కు జలవనరుల శాఖకు ఉండదు.